జామలో గాలి అంటు కట్టే విధానం

గింజ నుంచి మొలిచిన జామ మొక్క తల్లి చెట్టు గుణాలను యథాతథంగా నిలుపుకోదు. అందువల్ల అలహాబాద్ సఫేదా, లక్నో-49 వంటి మేలు రకాలను అంట్ల ద్వారా పెంచుకోవడమే సరైన మార్గం. కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేర్లు పుట్టించి, తరువాత కోసి వేరు చేయడమే గాలి అంటు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే జూన్–ఆగస్టు నెలలు ఈ పనికి అనుకూలం.

బాగా కాసే, తెగులు సోకని చెట్టు మీద పెన్సిల్ మందం గల కొమ్మను ఎంచుకొని, చివరి నుంచి సుమారు 45 సెం.మీ. లోపలికి, ఒక కణుపుకు దిగువన 2.5 సెం.మీ. వెడల్పున బెరడును ఉంగరంలా ఒలవాలి. ఒలిచిన చోట జారుడుగా తగిలే పలుచని పొరను కత్తి వీపుతో పూర్తిగా గీకివేయాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఆ పొర మిగిలితే బెరడు మళ్లీ అతుక్కొని వేర్లు రావు. ఆకుల్లో తయారైన ఆహారం, హార్మోన్లు కిందికి దిగే దారి తెగి కోత పై అంచున పోగవుతాయి, వేర్లు ముఖ్యంగా అక్కడే పుడతాయి, కాబట్టి వేర్ల హార్మోన్ ఐ.బి.ఎ.ను ఆ అంచుకే రాయాలి. నీరు మాత్రం లోపలి కర్ర గుండా పైకి పోతూనే ఉంటుంది గనుక కత్తి కర్రలోకి దిగకూడదు.

తరువాత, తేమను పట్టి ఉంచే స్ఫాగ్నమ్ నాచును తడిపి గట్టిగా పిండి, కోత చుట్టూ ముద్దలా పెట్టి, పారదర్శకమైన పాలిథిన్ కాగితం చుట్టి, వాన నీరు చొరబడకుండా రెండు కొసలూ బిగించి కట్టాలి. నెలా నెలన్నరలో వేర్లు కాగితం గుండా కనిపిస్తాయి. అవి తెల్లగా ఉన్నప్పుడు కాక గోధుమ రంగుకు తిరిగాకే, కట్టుకు దిగువన ముందు సగం, వారం తరువాత మిగతా సగం కోయాలి. కొన్ని ఆకులు తుంచి, సంచిలో నాటి, కొత్త చిగుళ్లు వచ్చేవరకు నీడలో ఉంచాలి. అంటు మొక్కకు తల్లి వేరు ఉండదు కనుక, పొలంలో నాటిన వెంటనే ఊతకర్ర కట్టాలి.