మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్న మందారమైనా, నూరువరహాలైనా, పెరట్లో ఎప్పటి నుంచో ఉన్న నందివర్ధనమైనా ముందు ఒక్కటే తేల్చుకోవాలి: ఆకులో ముక్క పోయిందా, రంగు పోయిందా?

ముక్క పోతే నమిలే పురుగు. నందివర్ధనం, గన్నేరు కొమ్మకు ఈనెలే మిగిలి, కింద మిరియాల్లాంటి నల్లటి ఉండలు రాలి ఉంటే, వాటికి సరిగ్గా పైనున్న కొమ్మను వెతకండి. తల వెనుక రెండు నీలి కళ్లలాంటి మచ్చలున్న లావాటి పచ్చ గొంగళి దొరుకుతుంది. చేత్తో ఏరేస్తే చాలు. గులాబీ ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి కోతలుంటే మాత్రం మందు జోలికి పోకండి. అది గూటి కోసం ఆకు కోసుకెళ్లే ఒక రకం తేనెటీగ పని. దానివల్ల మొక్కకు ముప్పు లేదు.

రంగు పోతే రసం పీల్చే పురుగు. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి గట్టిగా రెండు దెబ్బలు తట్టండి. సన్నటి నలుసుల్లా పరుగెత్తేవి తామర పురుగులు. వీటివల్ల ఆకు వెండిలా మెరిసి, నల్లటి చుక్కలు పడతాయి. మెల్లగా కదిలే చుక్కను వేలితో రాస్తే ఎర్రటి చార పడితే ఎర్రనల్లి. నిజానికి ఈ ఎర్రనల్లి కీటకం కాదు, ఎనిమిది కాళ్ల జీవి. ఎండాకాలంలో ఆకు అడుగున సాలెగూడులాంటి సన్నటి గూడు కడుతుంది. మందారం చిగురు ముడుచుకుపోయి గుత్తిలా గిడసబారితే మడతలు విప్పి చూడండి, దూదిలా పిండినల్లి ఉంటుంది. ఆ చిగురు తుంచి కవర్లో మూట కట్టేయాలి. అక్కడే పారేస్తే మళ్లీ పాకుతుంది.

ఆకుపై నల్లటి మసి పట్టిందంటే పైన చూడాలి. మన పెరళ్లలో కొబ్బరి నీడన ఉన్న మొక్కలకు ఇది మామూలే. 2016లో దేశంలోకి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరాకు అడుగున చేరి జిగురు కారుస్తుంది. అది కిందపడి మసి పడుతుంది. కింది మొక్కకు మందు కొట్టి లాభం లేదు, ఆకులు కడగండి.

లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే పురుగు కాదు, ఇనుము లోపం.

రసం పీల్చే పురుగులకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె. ముందుగా కాస్త సబ్బు నీటిలో గిలకొట్టాలి, లేకపోతే నూనె పైకి తేలి ఆకులు మాడతాయి. సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టి, వారానికి మళ్లీ కొట్టండి. మొదటిసారి మిగిలిన గుడ్లు అప్పటికి పొదిగి ఉంటాయి.