దేహం లోపలి రేడియోధార్మికత – 3వ పాఠం: మెడ దగ్గర తీసే లెక్క

చొక్కా జేబుకు తగిలించుకునే టీఎల్‌డీ బ్యాడ్జి బయటి నుంచి వచ్చి పడే వికిరణానికి లెక్క చెబుతుందే తప్ప, ఊపిరితోనో నోటి ద్వారానో లోపలికి చేరిన పదార్థాన్ని లెక్కగట్టడానికి పనికిరాదని గత పాఠంలో చూశాం. మన హైదరాబాద్‌లోనే అణు ఇంధన సముదాయంలో యురేనియం పొడిని బిళ్లలుగా మారుస్తారు. యురేనియం నుంచి వెలువడే గామా కిరణాలు బలహీనమైనవి కాబట్టి అలాంటి పనిలో మూత్ర పరీక్షే ప్రధాన ఆధారం. దాన్ని తరువాతి పాఠానికి వదిలేద్దాం. నగరంలోని ఆసుపత్రుల న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో థైరాయిడ్ చికిత్సకు వాడే అయొడిన్-131 సంగతి వేరు. ద్రవ రూపంలోని మందు సీసా మూత తీసినప్పుడు కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది, పీల్చినవారి రక్తంలోంచి థైరాయిడ్ గ్రంథికి చేరి అక్కడే నిలుస్తుంది, 364 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలతో తన ఉనికిని బయటికి చాటుకుంటుంది.

అందుకే మెడ ముందు సోడియం అయొడైడ్ డిటెక్టరును నిలిపి కొలుస్తాం. ముందుగా, తెలిసిన మోతాదు నింపిన ప్లాస్టిక్ మెడ నమూనాను అదే దూరంలో పెట్టి పరికరాన్ని సరిచూసుకోవాలి. మన ఉదాహరణలో 10,000 బెక్వెరెల్‌ల (సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరెల్) నమూనా, నేపథ్యం (చుట్టుపక్కల ఎప్పుడూ ఉండే వికిరణం) తీసివేశాక, నిమిషానికి 1,200 కౌంట్లు ఇచ్చిందనుకుందాం. అంటే బెక్వెరెల్‌కు 0.12 కౌంట్లు. తరువాత ఉద్యోగిని కూర్చోబెట్టి మెడ దగ్గర 5 నిమిషాలు, తొడ దగ్గర 5 నిమిషాలు లెక్క తీయాలి. ఖాళీ కుర్చీ నేపథ్యం సరిపోదా అని విద్యార్థులు అడుగుతుంటారు. సరిపోదు: రక్తంలోనూ కండరాల్లోనూ తిరుగుతున్న అయొడిన్ వాటాను తొడ లెక్క చాలావరకు పట్టిస్తుంది, ఖాళీ కుర్చీ పట్టించదు.

మెడ దగ్గర 1,300, తొడ దగ్గర 460 వచ్చాయి. తేడా 840, నిమిషానికి 168, దాన్ని 0.12తో భాగిస్తే గ్రంథిలో 1,400 బెక్వెరెల్‌లు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఇది ఈ రోజు మిగిలి ఉన్నది మాత్రమే, లోపలికి వెళ్లినది కాదు. అయొడిన్-131 అర్ధాయువు సుమారు 8 రోజులు. పైగా పీల్చినదంతా గ్రంథికి చేరదు. రెండు వారాలకొకసారి పరీక్షించే చోట, ఎప్పుడు పీల్చారో తెలియనప్పుడు, మధ్యలోని 7వ రోజునే పీల్చారని భావించడం వాడుక. ఆవిరిగా పీల్చిన దానిలో 7 రోజుల తరువాత గ్రంథిలో మిగిలేది 0.14 వంతు. కాబట్టి లోపలికి వెళ్లింది 1,400 ÷ 0.14, అంటే 10,000 బెక్వెరెల్‌లు. కోటి బెక్వెరెల్‌లకు 0.2 సీవర్ట్ (దేహానికి అందే వికిరణ మోతాదును కొలిచే ప్రమాణం) చొప్పున ఇది మొత్తం దేహానికి 0.2 మిల్లీసీవర్ట్ అవుతుంది; ఒక్క గ్రంథికే చూస్తే సుమారు 4 మిల్లీసీవర్ట్‌లు. అణుశక్తి నియంత్రణ మండలి ఉద్యోగులకు విధించిన పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించరాదు.

అదే 1,400 బెక్వెరెల్‌లు నిన్న పీల్చినవారి మెడలో కనిపిస్తే మిగిలిన వంతు 0.23 గనుక, లోపలికి వెళ్లింది దాదాపు 6,100 మాత్రమే, మోతాదు 0.12 మిల్లీసీవర్ట్. సీసా ఏ రోజు తెరిచారో పుస్తకంలో రాయించడం నా దృష్టిలో ఖరీదైన డిటెక్టరు కొనడం కంటే ముందు చేయవలసిన పని.

ఒకసారి ఒక కుర్రవాడి మెడ లెక్క నన్ను హడలెత్తించింది. ఫారం నింపడం కూడా మొదలుపెట్టాను. పక్కనున్న సీనియరు నర్సు మాత్రం, "బాబూ, ఆ కోటు విప్పి, మెడ సబ్బుతో కడుక్కుని రా" అంది. వచ్చాక చూస్తే లెక్క తొడ లెక్కతో సమానం: మరక కోటు కాలరుకు అంటింది, గ్రంథిలో ఏమీ లేదు. అప్పటి నుంచి నా దగ్గర కుర్చీలో కూర్చునే ముందు ప్రతివారూ కోటు విప్పి, మెడ, చేతులు కడుక్కుని రావలసిందే.