మహమ్మారి రోజుల్లో "వెళ్లాలా, వద్దా" అనేది ఇంటిల్లిపాదీ కలిసి ఎలా తేల్చుకోవాలి?

మహమ్మారి రోజుల్లో ఇళ్లలో గొడవలు ఎక్కువగా గుమ్మం దగ్గరే మొదలవుతాయి. ఒకరు చెప్పులేసుకుని బయల్దేరుతుంటారు, ఇంకొకరు "ఇప్పుడంత అవసరమా?" అంటారు. అక్కడి నుంచి మాటా మాటా పెరుగుతుంది. వెళ్లేవాళ్లు కోపంగా వెళ్తారు, ఉండేవాళ్లు భయంగా ఉంటారు, ఆ కంగారులో మాస్కు బల్ల మీదే ఉండిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని చెప్పింది 2020 మార్చి 11న. అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది 2023 మే 5న. ఆ మూడేళ్లలో మా ఇంట్లో రెండు వారాలకోసారి కూర్చుని ఎవరు ఎక్కడికి వెళ్లాలి, ఏది మానుకోవాలి అనే లెక్క వేసుకున్నాం. చుట్టాల ఇళ్లలో, స్నేహితుల ఇళ్లలో కూడా దగ్గరుండి వేయించాను. దాదాపు అందరూ ఒకే చోట తప్పు చేస్తారు. అది మూడో మెట్టు. మిగతావి గబగబా చెప్పేస్తాను, దాన్ని మాత్రం నిదానంగా చదవండి.

కావలసినవి

ఒక పెద్ద తెల్ల కాగితం, పెన్సిలు, పాతిక చీటీలు, ఒక గంట టైము. పెన్ను వద్దు. పెన్నుతో రాసినదాన్ని కొట్టేయడానికి మనసొప్పదు, ఇక్కడేమో మార్చకుండా కుదరదు. ఫోన్‌లో రాయకండి. ఫోన్‌లో ఉన్నది ఆ ఫోను ఎవరిదైతే వాళ్ల లెక్కే అవుతుంది. గోడకు అతికించిన కాగితం అందరిదీ. రాత్రి వార్తలు చూశాక ఈ పనికి కూర్చోకూడదు. మధ్యాహ్నం పూట, అందరూ కాస్త తీరిగ్గా ఉన్నప్పుడే కూర్చోవాలి.

మొదటి మెట్టు: పేర్లు

ఇంట్లో ఉండేవాళ్ల పేర్లు, రోజూ వచ్చి పని చేసి వెళ్లేవాళ్ల పేర్లు కాగితం మీద రాయండి. పక్కనే వయసు, షుగరు, ఆస్తమా, గర్భం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, టీకాలు ఎన్ని అయ్యాయి అన్నది రాయండి. కోవిడ్‌లో అన్నిటికంటే పెద్ద తేడా వయసుదే. జబ్బు వస్తే అందరికంటే ఎక్కువ ప్రమాదం ఎవరికో ఆ పేరు కింద గీత గీయండి. ఇక నుంచి ఇంట్లో ఎవరి చీటీ తూచినా ఆ పేరును చూసే తూచాలి. లక్షణాలు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందే జబ్బు అంటించగలం కాబట్టి, "నాకొస్తే నేను చూసుకుంటాలే" అనే మాట ఇంట్లో చెల్లదు.

రెండో మెట్టు: చీటీలు

వచ్చే రెండు వారాల్లో ఎవరెవరు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో, ఎవరు ఇంటికి వస్తున్నారో ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాయాలి. ఎవరి చీటీ వాళ్లే రాయాలి, ముఖ్యంగా పెద్దవాళ్లు. ఎందుకన్నది కింద చెప్తాను.

మూడో మెట్టు: తూకం

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. చోటును తూచాల్సింది పోయి మనిషిని తూస్తారు. తెలియనివాళ్లంటే ప్రమాదం, తెలిసినవాళ్లంటే ఫర్వాలేదు అనుకుంటారు. బస్టాపులో ఎవరైనా దగ్గితే పది అడుగులు వెనక్కి జరిగే మనిషి, పెద్దమ్మ కొడుకు వస్తే తలుపులేసి, ఏసీ వేసి, పక్కపక్కనే మూడు గంటలు కూర్చుని కబుర్లాడతాడు. "మనవాళ్లే కదా" అన్న ఒక్క మాట దగ్గర మాస్కు, కిటికీ, దూరం అన్నీ ఎగిరిపోతాయి. మా ఇంట్లో జరిగింది అదే. మా అన్నయ్య వరసవాడు ఒక ఆదివారం వచ్చి వెళ్లాడు. మంగళవారం అతనికి జ్వరం. గురువారం నాకు గొంతు నొప్పి. ఆ వారమంతా నేను బయటి నుంచి వచ్చిన ప్రతి ప్యాకెట్టూ తుడిచాను, తలుపు గొళ్లెం కూడా తుడిచాను. కిటికీ మాత్రం తెరవలేదు.

ఆ తుడవడం గురించి ఒక మాట. కోవిడ్ వస్తువుల మీద నుంచి అంటుకునే అవకాశం చాలా తక్కువ. వైరస్ ఉన్న చోటును ఒకసారి తాకితే జబ్బు అంటుకునే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువ ఉంటుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. చేతులు కడుక్కోండి, చాలు. ఆ ఓపికను గాలి మీద పెట్టండి.

గాలిని తూచడానికి ఒక్క ప్రశ్న సరిపోతుంది. చీటీ చేతిలోకి తీసుకుని పైకే అడగండి: "అక్కడ ఒకరు సిగరెట్ వెలిగిస్తే ఆ పొగ నాకెంత తగులుతుంది?" ఈ వైరస్ ఊపిరితో బయటికొచ్చే సన్నటి తుంపరల్లో పొగలాగే గాలిలో తేలుతుంది కాబట్టి ఈ పోలిక సరిగ్గా సరిపోతుంది. ఆరుబయట ఎదురుగా నిలబడి రెండు నిమిషాలు మాట్లాడితే పొగ గాలికి కొట్టుకుపోతుంది. అదే మూసిన గదిలో ఆరడుగుల దూరంలో ఉన్నా గంటకల్లా బట్టలన్నీ వాసనేస్తాయి. ఆరడుగుల లెక్క నమ్ముకుని మూసిన గదుల్లో గంటలు గంటలు కూర్చున్నవాళ్లు మోసపోయింది ఇక్కడే.

ఆ తర్వాత రెండు అడగండి. ఎంతసేపు? అక్కడ జనం మౌనంగా ఉంటారా, గట్టిగా మాట్లాడతారా, పాడతారా? 2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ కౌంటీలో ఒక బృందగాన సాధన జరిగింది. వచ్చినవాళ్లు 61 మంది, పాడింది రెండున్నర గంటలు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. వాళ్లలో 53 మందికి కోవిడ్ వచ్చింది, ఇద్దరు చనిపోయారు. మూసిన గది, ఎక్కువసేపు, గొంతెత్తి పాడటం. ఈ మూడూ ఒకే చోట కలిస్తే ఆ చీటీ బరువైనదే. అక్కడికొచ్చేవాళ్లు ఎంత దగ్గరివాళ్లన్నది లెక్కలోకి రాదు.

ఇది తక్కెడలో ఒక పళ్లెం. రెండో పళ్లెంలో ఉండేది వెళ్లాల్సిన అవసరం. చాలా ఇళ్లలో దీన్ని అసలు తూచరు, లేదంటే ఇంటి యజమాని ఒక్కడే తూచేస్తాడు. అవసరం ఎంతన్నది చీటీ రాసినవాళ్లే చెప్పాలి. వాళ్లు చెప్తున్నంతసేపు మిగతావాళ్లు అడ్డు రాకూడదు. ఇది సలహా కాదు, నియమం.

మా మావయ్యగారి చీటీ నా కళ్ల ముందు ఇంకా ఉంది. వణికే అక్షరాలు, గీత మీద నిలవని పెన్సిలు రాత: "పొద్దున నడక. ఒక్కణ్ణే. మానను." డెబ్బై ఆరేళ్ల మనిషి, గీత గీసిన పేరు ఆయనదే. ఆయన మంచి కోసమే అనుకుని అప్పటికి రెండు నెలలుగా ఆయన్ని గడప దాటనివ్వలేదు. ఒక్కసారి కూడా ఆయన్ని అడగలేదు. పొగ ప్రశ్న వేసి చూస్తే మా ఇంట్లో ఉన్న చీటీలన్నిటిలో తేలికైనది ఆయనదే. ఆరుబయట, ఒంటరిగా, ముప్పావు గంట. అన్నిటికంటే బరువైన చీటీ ఆయన కొడుకుది, అంటే మా ఆయనది: కిటికీల్లేని జిమ్‌లో, ఆయాసపడుతున్న పదిమంది మధ్య, వారానికి ఐదు రోజులు. తండ్రి నడకను ఆపింది ఆ కొడుకే. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టేసరికి మా ఆయన ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి మేడ మీద వ్యాయామం మొదలుపెట్టాడు.

ఇప్పుడు చీటీలను మూడు కుప్పలు చేయండి: తేలిక, మధ్య, బరువు. అంతే, అంతకంటే ఎక్కువ వద్దు. ప్రతి పనికీ వందకు ఇన్ని మార్కులని వేసే పద్ధతులు ఉన్నాయి, కొందరు దానికోసం యాప్‌లు కూడా వాడారు. ఆ దారిలో వెళ్లకండి. ఊళ్లో జబ్బు ఎంత ఉందన్నది వారం వారం మారుతుంటే 37 అనే మార్కుకు అర్థమేముంది? పైగా మార్కులు వేయగానే బేరం మొదలవుతుంది: "నాది 40, నీది 45, నేనెందుకు మానుకోవాలి?" మూడు కుప్పలతో ఆ గొడవ రాదు.

బరువు కుప్పలోని చీటీని చూసి వెంటనే "వద్దు" అనకండి. ముందు దాన్ని తేలిక చేయగలమేమో చూడండి. గదిలోంచి ఆరుబయటికి మార్చవచ్చా? మూడు గంటలను అరగంట చేయవచ్చా? ఎదురెదురు కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టవచ్చా? కార్బన్ డయాక్సైడ్ మీటరు దొరికితే ఇంకా మంచిది. బయటి గాలిలో అది సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాలు) చూపిస్తుంది. గదిలో 800 దాటి పెరుగుతూ పోతుంటే ఇతరులు వదిలిన ఊపిరే పీలుస్తున్నామని అర్థం, కిటికీ తెరవండి. మాస్కు పెట్టుకుంటే ఎన్95 పెట్టుకోండి. అది కనీసం 95 శాతం కణాలను ఆపేలా తయారవుతుంది, కానీ అంచులు ముఖానికి అంటుకుని ఉంటేనే. ముక్కు దగ్గర సందు ఉంటే ఊపిరి ఆ సందులోంచే పోతుంది. ఇన్ని మార్చాక కూడా బరువుగానే ఉండి, అవసరం తక్కువైతే అప్పుడు ఆ చీటీ పక్కన పెట్టండి.

ఇంకో జాగ్రత్త, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. చీటీలను విడివిడిగా తూచి ఊరుకుంటే సరిపోదు, ఇంటి మొత్తానికి కలిపి చూడాలి. ఒక్కో పనికి జబ్బు తెచ్చే అవకాశం వందలో ఒకటి అనుకుందాం, వినడానికి చిన్నదే. ఐదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరూ అలాంటివి రెండేసి చేస్తే పది పనులు. ఇంటికి జబ్బు వచ్చే అవకాశం దాదాపు వందలో పది అవుతుంది. "నేను ఒక్కసారే కదా వెళ్లింది" అని ఐదుగురూ నిజమే చెప్తారు, జబ్బు మాత్రం వస్తుంది. అందుకే మధ్య కుప్పలోంచి రెండు వారాలకు ఇంటి మొత్తానికి రెండే చీటీలు తీసుకోవాలి. మా లెక్క రెండు. మూడు పెట్టుకున్న ఇళ్లను చూశాను, నాలుగోదానికి తలుపు తెరుచుకున్నట్టే అవుతుంది.

నాలుగో మెట్టు: టెస్టు

ర్యాపిడ్ టెస్టులో ఒకసారి నెగెటివ్ వస్తే జబ్బు లేదని కాదు. లక్షణాలుంటే 48 గంటల తేడాతో రెండుసార్లు, లేకుండా అనుమానం మాత్రమే ఉంటే అదే తేడాతో మూడుసార్లు చేయాలి. గీత గీసిన పేరున్నవాళ్ల గదిలోకి వెళ్లాలంటే ఇది తప్పదు.

ఐదో మెట్టు: నిజం చెప్పుకోవడం

ఎవరికైనా గొంతు నొప్పి అనిపిస్తే మొదటి రోజు రెండే అడగాలి: "ఎప్పటి నుంచి?", "ఎవరెవరి దగ్గర కూర్చున్నావు?" "ఎందుకెళ్లావు?" అన్న ప్రశ్న ఆ రోజు ఎవరూ వేయకూడదు. ఒకసారి తిట్లు తిన్న పిల్లాడు రెండోసారి గొంతు నొప్పి దాస్తాడు. ఆ దాచిన రెండు రోజుల్లోనే ఇంటికంతా అంటుకుంటుంది.

రెండు వారాలయ్యాక అదే కాగితం కిందికి దించి చీటీలు మళ్లీ తూచండి. ఊళ్లో కేసులు పెరిగితే ముందు మధ్య కుప్పలోవి తీసేయండి, తగ్గితే ఒకటి కలపండి. పొద్దున నడక లాంటి చీటీల జోలికి మాత్రం పోకండి.