పరాయి గడ్డ మీది యుద్ధం వెనుక పార్టీల లెక్కను చదవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి కుర్రాళ్ళు సైన్యంలో చేరడం తరాలుగా ఉన్నదే. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి ఇళ్ళలో, అక్కడెక్కడో బాంబు పడిందన్న వార్త వస్తే ఆ పూట ఎవరికీ ముద్ద దిగదు. కాబట్టి ప్రజలు వద్దంటున్న యుద్ధం ఎందుకు మొదలవుతుంది, మొదలయ్యాక ఎందుకు ఆగదు, చివరికి ఫలానా నెలలోనే ఎందుకు ఆగుతుంది అన్న ప్రశ్నలు మన ప్రాంతానికి దూరమైనవి కావు.

కొన్నేళ్ళ కిందట చీపురుపల్లి దగ్గరి ఒక పల్లెలో, శ్రీలంకకు వెళ్ళిన భారత శాంతిసేనలో పనిచేసి వచ్చిన విశ్రాంత హవల్దారు ఒకరు నాతో, "ఎందుకెల్లినామో, ఎందుకొచ్చీసినామో మాకెవులూ సెప్పనేదు మాస్టారూ" అన్నారు. ఏళ్ళ తరబడి రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పిన నా దగ్గర ఆ రోజు ఆయనకు చెప్పదగిన జవాబు లేకపోయింది. ఆ తరువాత ఇద్దరం ఒక నోటుపుస్తకం తీసుకుని, తేదీలు పేర్చుకుంటూ ఆ ప్రశ్నను విప్పుకున్నాం. అప్పుడు కుదిరిన పద్ధతిని ఇక్కడ అడుగుల వారీగా రాస్తున్నాను. దీనికి కావలసింది ఒక పుస్తకం, కలం, గ్రంథాలయంలో దొరికే పాత పత్రికలు, కొంత ఓపిక మాత్రమే.

మొదటి అడుగు: రెండు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టండి

పేజీని నిలువుగా నాలుగు గడులుగా గీయండి. మొదటి గడిలో యుద్ధానికి సంబంధించిన తేదీలు, రెండో గడిలో ఆ దేశపు ఎన్నికల తేదీలు రాయండి. మిగిలిన రెండు గడులను చట్టసభల ఓట్లకు, డబ్బు కేటాయింపులకు ఖాళీగా ఉంచండి. మొదటి రెండు గడులు నిండేసరికే చాలా సంగతులు బయటపడతాయి.

వియత్నాం యుద్ధాన్ని తీసుకుందాం. 1964 ఆగస్టు 7న అమెరికా చట్టసభలు టోంకిన్ సింధుశాఖ తీర్మానాన్ని ఆమోదించి, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చేతికి దాదాపు హద్దులేని అధికారం ఇచ్చాయి. పక్క గడిలో 1964 నవంబరు 3 అని ఉంటుంది. అది అధ్యక్ష ఎన్నికల రోజు. ప్రత్యర్థి బారీ గోల్డ్‌వాటర్ యుద్ధం విషయంలో దుడుకు మనిషిగా పేరుపడినవాడు. అందువల్ల జాన్సన్ తాను మెతకవాణ్ణి కానని తీర్మానంతో చూపించుకుంటూనే, అమెరికా కుర్రాళ్ళను ఆసియా యుద్ధానికి పంపబోనన్న మాటతో ఎన్నికలు దాటాడు. 1965 మార్చిలో వరుస బాంబుదాడులు మొదలయ్యాయి, దనాంగ్ తీరంలో మెరైన్ దళాలు దిగాయి. తీర్మానం ఎన్నికలకు ముందు, దాడి ఎన్నికల తరువాత. ఈ క్రమాన్ని కళ్ళతో చూడకుండా ఎన్ని ప్రసంగాలు చదివినా ఆ నిర్ణయం అర్థం కాదు.

రెండో అడుగు: తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుసుకోండి

ఇది చిన్న పనే అయినా వదిలేయకూడదు. అమెరికా రాజ్యాంగం యుద్ధం ప్రకటించే అధికారాన్ని, ఖజానాను చట్టసభలకు ఇచ్చి, సేనాధిపత్యాన్ని అధ్యక్షుడికి ఇచ్చింది. బ్రిటన్‌లో ఆ అధికారం సంప్రదాయంగా ప్రభుత్వానిదే. మన దేశంలో యుద్ధం, శాంతి రెండూ ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలోనివి. దళాలను బయటి దేశానికి పంపడానికి పార్లమెంటు ముందుగా ఓటు వేయాలన్న నిబంధన లేదు కనుక నిర్ణయం ఆచరణలో కేంద్ర మంత్రివర్గానిదే. చట్టసభ ఓటు తప్పనిసరైన చోట పార్టీల లెక్క ఓట్లలో కనిపిస్తుంది. ఆ అవసరం లేని చోట దానిని పొత్తులలో, మంత్రివర్గంలోని తగవులలో, మిత్రపక్షాల అలకలలో వెతకాలి.

మూడో అడుగు: ఓటును పార్టీల వారీగా విడదీయండి

తీర్మానం నెగ్గిందా, వీగిందా అన్నది వార్తకు చాలు, మన పనికి చాలదు. ఏ పార్టీ నుంచి ఎంతమంది అటు, ఎంతమంది ఇటు అన్నది రాసుకోవాలి.

1991 జనవరి 12న, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్‌పై బలప్రయోగానికి అమెరికా సెనేట్ (రాష్ట్రానికి ఇద్దరు చొప్పున ఉండే ఎగువ సభ) 52–47 ఓట్లతో అనుమతించింది. అప్పటి రిపబ్లికన్ అధ్యక్షుడికి ప్రత్యర్థులైన డెమొక్రాట్లలో అత్యధికులు వద్దన్నారు. పది మంది మాత్రమే అవునన్నారు. ఆ యుద్ధం వారాలలో గెలుపుతో ముగియడంతో, వద్దన్నవారికి అదొక మచ్చగా మిగిలింది. పదకొండేళ్ళ తరువాత 2002 అక్టోబరులో మళ్ళీ ఇరాక్ మీదే ఓటు వచ్చింది, అదీ నవంబరు 5నాటి చట్టసభ ఎన్నికలకు నెల కూడా లేనప్పుడు. ఈసారి సెనేట్‌లో 77 మంది అవునన్నారు, 23 మంది కాదన్నారు. డెమొక్రాట్లలో 29 మంది అవునన్న వైపే నిలిచారు. జాన్ కెర్రీ, హిల్లరీ క్లింటన్, జో బైడెన్, జాన్ ఎడ్వర్డ్స్ అందులో ఉన్నారు. నలుగురూ ఆ తరువాత అధ్యక్ష పదవికి పోటీపడినవారే. చిన్న నియోజకవర్గాల నుంచి ఎన్నికయ్యే ప్రతినిధుల సభలో మాత్రం అదే పార్టీ నుంచి 126 మంది వద్దన్నారు, 81 మంది మాత్రమే అవునన్నారు. రాష్ట్రం మొత్తానికో దేశానికో నాయకుడు కావాలనుకునేవాడి లెక్క, తన చిన్న నియోజకవర్గానికి జవాబు చెప్పుకునేవాడి లెక్క వేరువేరుగా ఉంటాయని ఈ అంకెలు చూపుతున్నాయి. అందరూ లెక్కతోనే ఓటు వేశారని నేను అనను, నమ్మి వేసినవారూ ఉంటారు. కానీ 1991 నాటి మచ్చ 2002లో చాలామంది చేతిని నడిపించిందని నా అభిప్రాయం.

బ్రిటన్ విషయం ఇంకో తీరుగా ఉంది. 2003 మార్చి 18న 139 మంది లేబర్ సభ్యులు సొంత ప్రభుత్వంపై తిరగబడి, ఇరాక్ యుద్ధానికి ఇంకా కారణం కుదరలేదన్న సవరణకు ఓటు వేశారు. ముందు రోజే రాబిన్ కుక్ మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. అయినా ప్రతిపక్ష కన్సర్వేటివ్‌ల మద్దతుతో ప్రధాని టోనీ బ్లెయిర్ తీర్మానం 412–149తో నెగ్గింది. సొంత ఇంట్లో తిరుగుబాటు, ఎదుటి ఇంటి నుంచి ఆసరా కలిసి ఒకే రోజు కనిపించినప్పుడు ఆ పేజీ మీద గుర్తు పెట్టుకోండి; యుద్ధం చెడితే అడగవలసిన పార్టీయే అందులో చేయి కలిపి ఉంటుంది కనుక, ఆ తరువాత ప్రశ్నించే గొంతు బలహీనపడుతుంది.

నాలుగో అడుగు: నింద ఎవరి మీద పడుతుందన్న భయాన్ని వెతకండి

ఈ అడుగు దగ్గర ఎక్కువసేపు ఆగమని కోరుతున్నాను, ఎందుకంటే జనానికి ఇష్టం లేని యుద్ధం ఏళ్ళ తరబడి ఎలా సాగుతుందన్న చిక్కుముడి ఇక్కడే ఉంది. యుద్ధం మొదలుపెట్టిన పార్టీకి అది చెడుతోందని తెలిసినా, వెనక్కి వస్తే ఓడించారన్న పేరు తన మీద పడుతుందని భయపడుతుంది. ప్రతిపక్షానికి అది వద్దని ఉన్నా, గట్టిగా అంటే సైనికులను నడిమధ్య వదిలేశారన్న మాట వస్తుందని జంకుతుంది. రెండు భయాలూ ఒకదాన్నొకటి మోస్తూ ఉండగా, మధ్యలో మనుషులు చనిపోతుంటారు.

1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలిచినప్పుడు, చైనాను పోగొట్టిన పార్టీ అని రిపబ్లికన్లు డెమొక్రాట్లను ఏళ్ళ తరబడి దుయ్యబట్టారు. డెమొక్రాట్ అయిన జాన్సన్ ఆ రోజులలో సెనేటర్‌గా ఉండి దానిని దగ్గరి నుంచి చూశాడు. వియత్నాం పోతే మళ్ళీ అదే నింద వస్తుందని, పేదల కోసం తలపెట్టిన తన చట్టాలన్నీ దానితో కొట్టుకుపోతాయని ఆయన భయపడ్డాడు. 1963 చివర సుమారు 16,000 మందిగా ఉన్న అమెరికా దళాలు 1969 ఏప్రిల్ నాటికి 5,43,000కు చేరడం వెనుక, సైనిక కారణాలతో పాటు ఈ భయం కూడా ఉంది.

తరువాత వచ్చిన రిపబ్లికన్ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ దళాలను తగ్గిస్తూ వచ్చినా, చివరి ఉపసంహరణకు ఎంచుకున్న కాలాన్ని చూడండి. 1971 ఆఖరుకల్లా అందరినీ వెనక్కి తెద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు, తరువాత అక్కడ ఏదైనా చెడు జరిగితే దాని ఫలితం 1972 ఎన్నికల మీద పడుతుందని ఆయన జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ అభ్యంతరం చెప్పినట్టు, నిక్సన్ ముఖ్య సహాయకుడు 1970 డిసెంబరు నాటి తన దినచర్యలో రాసుకున్నాడు. ఎన్నికలు 1972 నవంబరులో జరిగాయి. పారిస్ ఒప్పందంపై సంతకాలు 1973 జనవరి 27న పడ్డాయి. 58,000 మందికి పైగా అమెరికన్లు, లెక్కకు సరిగా అందనంతమంది వియత్నాం ప్రజలు చనిపోయిన యుద్ధం అది. ఆ దినచర్యలోని వాక్యం చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఐదో అడుగు: డబ్బు వెంట నడవండి

సభలో ఎవరు ఏమి మాట్లాడినా, నాలుగో గడిలో రాయవలసింది పద్దుల మీద ఓటును. 2006 నవంబరులో అమెరికా ఓటర్లు ఇరాక్ యుద్ధంపై అసహనంతో ఉభయ సభలను డెమొక్రాట్లకు అప్పగించారు. మరునాడే రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ తప్పుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది. అయినా 2007 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ దళాలను పెంచుతానన్నాడు. సభలు డబ్బు ఇస్తూ ఉపసంహరణకు గడువు జోడిస్తే, మే 1న ఆయన వీటో చేశాడు. దానిని తోసిపుచ్చడానికి మూడింట రెండు వంతుల బలం లేకపోవడంతో, అదే నెలలో గడువు లేకుండానే డబ్బు మంజూరైంది. ఆగని యుద్ధాన్ని ఆపే మార్గం కూడా ఇదే గడిలో దొరుకుతుంది: 1973లో చట్టసభలు ఆగస్టు 15 తరువాత ఇండోచైనాలో (వియత్నాం, లావోస్, కంబోడియాలలో) పోరుకు పైసా ఖర్చు చేయరాదని శాసించినప్పుడు బాంబుదాడులు నిలిచిపోయాయి.

ఆరో అడుగు: పార్టీ లోపలి పోటీని చూడండి

అధికారంలో ఉన్నవాడికి ఎదుటి పార్టీ కన్నా సొంత పార్టీలోని పోటీదారు ఎక్కువ ప్రమాదం. 1968 మార్చి 12న న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగులో) జాన్సన్‌పై నిలిచిన యుద్ధ వ్యతిరేకి యూజీన్ మెకార్థీ ఓడిపోయినా 42 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. నాలుగు రోజులకు రాబర్ట్ కెన్నెడీ రంగంలోకి దిగాడు. మార్చి 31న జాన్సన్ మళ్ళీ పోటీ చేయనని ప్రకటించాడు. 2008లో బరాక్ ఒబామా హిల్లరీ క్లింటన్‌ను దాటి పార్టీ అభ్యర్థి కావడంలోనూ ఇరాక్ యుద్ధానికి ఆమె అవునన్న 2002 నాటి ఓటు పాత్ర ఉంది.

ఇప్పుడు మన సంగతి మీద ప్రయత్నించండి

హవల్దారు గారితో నేను నింపిన పేజీ ఇది. మొదటి గడిలో 1987 జులై 29, భారత–శ్రీలంక ఒప్పందం; అక్టోబరులో తమిళ టైగర్లతో (ఎల్‌టీటీఈతో) జాఫ్నా పోరు. రెండో గడిలో ఒక్క దేశం ఎన్నికలు చాలవని అక్కడే తెలిసింది. 1988 డిసెంబరు శ్రీలంక ఎన్నికలలో రణసింఘె ప్రేమదాస మన సైన్యాన్ని పంపించేస్తానని చెప్పి గెలిచారు. 1989 జులై ఆఖరుకల్లా వెళ్ళిపొమ్మని జూన్‌లో గడువు పెట్టారు. తమిళనాడులో 1989 జనవరిలో డీఎంకే గెలిచి కరుణానిధి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పార్టీ ఉన్న నేషనల్ ఫ్రంట్ అనే కాంగ్రెసు వ్యతిరేక కూటమికి అధ్యక్షుడు మన ఎన్.టి. రామారావు. 1989 నవంబరు ఎన్నికలలో కాంగ్రెసు 197 స్థానాలకు పడిపోయి, డిసెంబరులో ఆ ఫ్రంట్ తరఫున వి.పి. సింగ్ ప్రధాని అయ్యారు. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీ నుంచి బయలుదేరింది.

ఇక్కడ తొందరపడకూడదు. కొత్త ప్రభుత్వం వచ్చి సైన్యాన్ని వెనక్కి పిలిచిందని ఒక్క వాక్యంలో తేల్చేస్తే తప్పవుతుంది. ఉపసంహరణ రాజీవ్ గాంధీ హయాంలోనే మొదలైంది, 1989 సెప్టెంబరులోనే గడువుపై అవగాహన కుదిరింది. పైగా శాంతిసేన మీద అందరికన్నా కోపం ఉందనుకున్న తమిళనాడులో ఆ ఎన్నికలలో డీఎంకేకు ఒక్క లోక్‌సభ స్థానం రాలేదు; రామారావు పార్టీకి ఆంధ్రప్రదేశ్‌లోని 42లో రెండే వచ్చాయి. అంటే ఓటర్లు ఈ విషయం మీద తీర్పు చెప్పారనడానికి ఆధారం లేదు. తీర్పు ఎవరూ చెప్పకపోయినా, పొత్తు ధర్మం, పొరుగు దేశపు ఎన్నికల హామీ కలిసి నిర్ణయాన్ని నడిపించాయి. వెయ్యి మందికి పైగా మన జవాన్లు చనిపోయిన ఆ సైన్యం మద్రాసులో దిగినప్పుడు, స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి వెళ్ళలేదు. అది కూడా పార్టీ లెక్కే.

పేజీ పూర్తయ్యాక హవల్దారు గారు చాలాసేపు దానిని చూశారు. ఆ తరువాత నా చేతిలోని స్కేలు తీసుకుని అంచున ఐదో గడి గీసి, ప్రతి తేదీకీ ఎదురుగా ఆ రోజు తన దళం ఎక్కడ ఉందో, అందులో ఎంతమంది మిగిలారో రాయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి నేను ఏ యుద్ధం గురించి పేజీ గీసినా ఐదు గడులే గీస్తున్నాను. మీరూ అలాగే గీయండి.