పాత పేటెంట్లు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: చెక్కుబందీ ఎక్కడుంది?

ముందుగా పోయిన పాఠంలోని అభ్యాసం సంగతి చూద్దాం. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌కు చెందిన మేరీ ఆండర్సన్‌కు 1903 నవంబరు 10న ఇచ్చిన 743,801 నంబరు పేటెంటును తీసి, ఆ అద్దం తుడిచే పరికరం ఎవరి కోసమో పట్టుకోమన్నాను. 'కారు నడిపేవారి కోసం' అని రాసుకున్నవారు మరొక్కసారి చూడండి. అక్కడున్న మాట 'మోటార్‌మన్'. అంటే కరెంటు ట్రాము నడిపే మనిషి. 'కార్' అనే మాట ఉన్న మాట నిజమే, కానీ అది ట్రాము పెట్టె. లోపలి నుంచి పిడి తిప్పితే బయట రబ్బరు పట్టీ ఉన్న కడ్డీ అద్దం మీద ఊగి మంచునూ వాననూ తుడుస్తుంది. వాతావరణం బాగున్నప్పుడు దాన్ని ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చని కూడా ఆవిడ రాశారు. నూట ఇరవై ఏళ్ల కిందటి మాటకు నేటి అర్థం తగిలించి చదివితే దారి తప్పుతామని చూపడానికే ఆ అభ్యాసం ఇచ్చాను. ఈ పాఠంలోనూ అలాంటి మాటే ఒకటి అడ్డం వస్తుంది.

ఇక అసలు విషయం. పాత పేటెంటు తెరవగానే కళ్లు పటాల మీదికే పోతాయి. పోనివ్వండి, ఆ కాలపు చిత్రకారులు మరమేకునూ మోకునూ కూడా అంత శ్రద్ధగా గీశారు. కానీ పటం చూసి 'వీళ్లు కనిపెట్టింది ఇదీ' అని తేల్చేస్తే పొరపాటు పడతాం. పొలం దస్తావేజు చదివిన అలవాటు ఉన్నవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అమ్మేవారెవరు, కొనేవారెవరు, ఆస్తి ఎలా సంక్రమించింది, సొమ్ము ఎంత ముట్టింది అంటూ పేజీలు నడిచాక చివర్లో చెక్కుబందీ వస్తుంది: తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన పంట కాలువ, పడమర పుంత, ఉత్తరాన చెరువు గట్టు. మా నాన్నగారు ఏ దస్తావేజు చేతికిచ్చినా ముందు చివరి పేజీ తిప్పి, ఆ నాలుగు దిక్కుల మీద వేలు పెట్టి చదివేవారు. కొన్నది ఆ హద్దుల మధ్య ఉన్నంత వరకే. పేటెంటుకూ అలాంటి చెక్కుబందీ ఉంది. దాని పేరు క్లెయిము. వివరణ అంతా అయిపోయాక, 'మేము కోరుతున్న హక్కు ఇదీ' అనే అర్థం వచ్చే ఒక వాక్యం తరువాత, వరుసగా నంబర్లు వేసి ఉంటుంది.

రెండు పాఠాలుగా ట్రాములూ పొలం యంత్రాలూ చూస్తూ వచ్చాం, ఇప్పుడు విమానం ఎందుకని అడగవచ్చు. క్లెయిము చదవడం నేర్పడానికి రైట్ సోదరుల పేటెంటు కంటే మంచి కాగితం నాకు దొరకలేదు. దాని నంబరు 821,393. అమెరికాలో 1906 మే 22న ఇచ్చారు. గూగుల్ పేటెంట్స్‌లో 'యూఎస్' అనే రెండు ఇంగ్లీషు అక్షరాల పక్కన కామా లేకుండా ఈ నంబరు కొడితే చాలు. ఒక్క జాగ్రత్త: తెర మీద కనిపించే అక్షరాలు యంత్రం గుర్తుపట్టి రాసినవి, వాటిలో తప్పులు దొర్లుతాయి. ఏ మాటయినా తేడాగా అనిపిస్తే వెంటనే అసలు పేజీ బొమ్మతో సరిచూసుకోండి.

మొదట పటాలు చూడండి. ఒకదాని మీద ఒకటి రెండు పొడవైన రెక్కలు, మధ్య నిలువు గుంజలు, ముందు ఒక అడ్డ చుక్కాని, వెనుక నిలువు చుక్కాని. ఇంజను ఎక్కడుందో వెతకండి. దొరకదు. ఇది వాళ్ల గ్లైడరు బొమ్మ. దరఖాస్తు పెట్టింది 1903 మార్చి 23న, ఇంజనుతో మొదటిసారి ఎగిరింది అదే ఏడాది డిసెంబరు 17న. ఎగరకముందే దరఖాస్తు పెట్టారంటే వాళ్లు కోరినది గాలిలోకి లేవడం మీద హక్కు కాదు. గాలిలో పక్కకు ఒరిగిపోకుండా నిలదొక్కుకునే ఉపాయం మీద హక్కు. ఆ ఉపాయం 1899లో డేటన్‌లోని సైకిల్ దుకాణంలో విల్బర్ చేతిలో పుట్టింది. సైకిల్ ట్యూబు వచ్చిన పొడవాటి అట్టపెట్టెను ఆయన అనుకోకుండా మెలితిప్పినప్పుడు, ఒక కొస ముందుకు లేచి రెండో కొస వాలింది. రెక్కలను కూడా ఇలాగే మెలితిప్పవచ్చు కదా అన్న ఆలోచన అక్కడే వచ్చింది.

మొదటి దరఖాస్తు సోదరులే స్వయంగా రాసుకున్నారు. చెప్పింది స్పష్టంగా లేదని పేటెంటు కార్యాలయం తిప్పి పంపింది. 1904లో ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హారీ టూల్మిన్ అనే పేటెంటు న్యాయవాది పని చేతికి తీసుకున్నారు. చివరికి వచ్చిన పేటెంటులో 18 క్లెయిములున్నాయి. యంత్రం వాళ్లదే, కానీ చెక్కుబందీ రాయడం వేరే విద్య.

ఇప్పుడు పెన్సిలు తీసుకుని మొదటి క్లెయిము దగ్గరికి వెళ్లండి. ఎంత పొడవున్నా అది ఒకే వాక్యం, అన్ని క్లెయిములూ అంతే. భయపడకుండా తెలుగులో ఇలా పరుచుకుందాం:

"ఎగిరే యంత్రంలో, మామూలుగా చదునుగా ఉండే ఒక ఏరోప్లేన్ / దాని పక్క అంచు భాగాలు నడిమి భాగపు తలానికి పైకి గాని కిందికి గాని వేర్వేరు స్థానాలకు కదలగలగడం / ఆ కదలిక ఎగిరే దిశకు అడ్డంగా ఉండే ఇరుసు చుట్టూ జరగడం / అందువల్ల ఆ అంచు భాగాలను నడిమి తలానికి వేర్వేరు కోణాల్లో తిప్పి, గాలికి వేర్వేరు వాలుల్లో ఎదురు నిలపగలగడం / ఆ అంచు భాగాలను అలా కదిలించే సాధనం / సారంలో పైన వివరించిన విధంగా."

గీతలు నేను పెట్టినవి. ఇంగ్లీషులో 'హావింగ్', 'సచ్ మూవ్‌మెంట్', 'వేర్‌బై', 'మీన్స్ ఫర్' అనే మాటలు వచ్చిన ప్రతి చోటా ఆగి ఒక అడ్డగీత గీయండి. పాత క్లెయిముల్లో కీళ్లు సాధారణంగా అక్కడే ఉంటాయి. గీతకూ గీతకూ మధ్య ఉన్నది ఒక్కొక్క హద్దురాయి.

మొదటి రాయి దగ్గరే ఇందాక చెప్పిన మాట ఎదురైంది: ఏరోప్లేన్. ఈ కాగితంలో దానికి విమానం అని అర్థం లేదు. విమానాన్ని వాళ్లు 'ఎగిరే యంత్రం' అన్నారు. ఏరోప్లేన్ అంటే యంత్రాన్ని గాలిలో మోసే తలం, అంటే రెక్క. ఇది నా ఊహ కాదు, వివరణలో వాళ్లే ఆ మాటకు అర్థం రాసిపెట్టారు. మామూలుగా చదునుగా ఉండే తలమనీ, బట్టతో చేస్తే గాలి ఒత్తిడికి కాస్త వంపు తిరగవచ్చనీ అక్కడే చేర్చారు. వంపు తిరిగిన రెక్క చదును కాదు కాబట్టి హద్దు బయట ఉందని రేపు ఎవరైనా అంటారని ముందే ఊహించి కట్టిన గట్టు అది. క్లెయిములో ఒక మాట అర్థం కాకపోతే నిఘంటువు దగ్గరికి పరుగెత్తకండి. ముందు వివరణలో వెతకండి.

మూడో రాయి దగ్గర చాలామంది తడబడతారు. ఎగిరే దిశకు అడ్డంగా ఉండే ఇరుసు అంటే ఎడమ రెక్క కొస నుంచి కుడి రెక్క కొస వరకు సాగే ఇరుసు. ఒక పొడవాటి అట్టముక్కను రెండు చివరలా పట్టుకోండి. కుడి చివర ముందంచును పైకి ఎత్తుతూ, ఎడమ చివర ముందంచును కిందికి వంచండి. అట్ట మెలితిరుగుతుంది. కుడి చివర గాలికి ఎక్కువ వాలుతో, ఎడమ చివర తక్కువ వాలుతో ఎదురవుతాయి. ఎక్కువ వాలు ఉన్న వైపు పైకి లేస్తుంది. ఇప్పుడు అదే అట్టను పక్షి రెక్కలాడించినట్టు పైకీ కిందికీ ఊపండి. కొసలు పైకీ కిందికీ కదిలాయి, కానీ ఈసారి ఇరుసు ఎగిరే దిశ వెంట ఉంది, అడ్డంగా లేదు. కాబట్టి రెక్కలు ఊపే యంత్రం ఈ క్లెయిములోకి రాదు. రెండు మూడు మాటలు ఎంత నేలను లోపలికి చేర్చాయో, ఎంత నేలను బయట వదిలేశాయో చేతిలో అట్టముక్కతో చూస్తే తప్ప తెలియదు.

ఇక 'మీన్స్ ఫర్', అంటే కదిలించే సాధనం. వివరణలో ఆ సాధనం ఏమిటో ఉంది: మనిషి కింది రెక్క మీద బోర్లా పడుకుంటాడు, నడుము కింద ఒక ఊయల ఉంటుంది, నడుమును పక్కకు జరిపితే తాళ్లు బిగిసి రెక్కల కొసలు మెలితిరుగుతాయి. క్లెయిములో మాత్రం ఊయల లేదు, తాడూ లేదు, 'సాధనం' అని మాత్రమే ఉంది. తాడు అని రాసి ఉంటే, గొలుసు వాడినవాడు నవ్వుకుంటూ పక్క నుంచి వెళ్లిపోయేవాడు. అంతటితో ఆగక, అంచుల కోణాలను ఒకదానికొకటి ఎదురుగా మార్చగలిగే ఏ అమరిక అయినా తమ ఆవిష్కరణ పరిధిలోనిదేనని వివరణలోనూ గట్టిగా రాశారు. చివరనున్న 'సారంలో పైన వివరించిన విధంగా' అనే తోకను చాలామంది దాటేస్తారు. ఆ కాలంలో దాదాపు ప్రతి క్లెయిముకూ ఆ తోక ఉండేది. క్లెయిమును వివరణకు కట్టిన ముడి అది.

ఇప్పుడు రెండో క్లెయిము పక్కన పెట్టుకోండి. చూడగానే పొడుగ్గా ఉందని తెలుస్తుంది. ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలు, వాటిని అంచుల వద్ద కలిపే నిలువు గుంజలు, పక్క భాగాల దగ్గర ఆ గుంజలకు వంగగలిగే కీళ్లు, ఆపైన మొదటి క్లెయిములో చెప్పిన కదలిక కూడా. రాళ్లు పెరిగాయి కదా, పొలం పెరిగినట్టా? తగ్గినట్టు. క్లెయిములో చెప్పినవన్నీ ఉంటేనే ఎదుటి యంత్రం హద్దు లోపలికి వచ్చినట్టు, ఒక్కటి లేకపోయినా బయటే. ఒకే రెక్క ఉన్న విమానానికి రెండో క్లెయిము తగలదు, మొదటిది తగలవచ్చు. పొడవాటి క్లెయిము చూసి పెద్ద హక్కు అనుకోవడం కొత్తవారు చేసే మొదటి తప్పు. నేనూ చాలాకాలం చేశాను.

ఈ కొలత సరిపోతుందో లేదో చూడటానికి చరిత్రలోనే ఒక పరీక్ష జరిగింది. రైట్ సోదరులకు పోటీగా విమానాలు తయారుచేసిన అమెరికన్ గ్లెన్ కర్టిస్ విమానంలో రెక్కలు మెలితిరగవు, బిగుసుకుని ఉంటాయి. రెండు రెక్కల నడుమ, చెరో కొసన ఒక చిన్న పలక ఉంటుంది. ఒకటి పైకి వాలితే రెండోది కిందికి వాలుతుంది. పటాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇవి రెండూ వేర్వేరు యంత్రాలని ఎవరైనా అంటారు. 1909లో రైట్ సోదరులు దావా వేశారు. 1913లో కింది కోర్టులోనూ, 1914 జనవరిలో అప్పీలు కోర్టులోనూ గెలుపు రైట్ వైపే. కోర్టులు పటాలను పోల్చి ఊరుకోలేదు, హద్దురాళ్లను ఒక్కొక్కటిగా చూశాయి. పక్క అంచు భాగాలు ఉన్నాయా, అవి వేర్వేరు కోణాలకు తిరుగుతున్నాయా, తిప్పే సాధనం ఉందా. 1912లో టైఫాయిడ్‌తో మరణించిన విల్బర్ ఆ తీర్పులు చూడలేదు.

దీనిలో ఏడో క్లెయిము కథ ఇంకా రుచిగా ఉంటుంది. అందులో రెక్కల కదలికతో పాటు నిలువు చుక్కాని కూడా ఒక రాయి. రెక్కను మెలితిప్పితే వాలు ఎక్కువైన వైపు గాలి అడ్డం ఎక్కువై విమానం అటు తిరగబోతుంది, దాన్ని సరిచేయడానికి చుక్కాని. పలకలతో పాటు చుక్కానిని వాడాల్సిన అవసరమే తనకు లేదని కర్టిస్ వైపు వాదించారు. పద్ధతి ప్రకారం అది సరైన వాదన, ఒక రాయి లేదని చూపితే బయటపడవచ్చు. కానీ కొన్నిసార్లయినా వాడుతున్నారని కోర్టు గమనించింది. అప్పుడప్పుడు హద్దు లోపల తిరిగే యంత్రం కూడా హద్దు మీరినట్టేనని తేల్చింది.

మొదటి క్లెయిము రాసిన తీరు చూసి నాకు ముచ్చటేస్తుంది, మాటల పొదుపు అంత గొప్పది. అంత వెడల్పాటి గట్టు వేయనివ్వడం మాత్రం మంచిది కాదని అనుకుంటాను. రెక్కను మెలితిప్పే ఉపాయం వాళ్లది, సందేహం లేదు. పక్కకు ఒరగకుండా ఆపే ప్రతి ఉపాయమూ వాళ్లదే అనడం వేరు. 1917లో, అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక, విమాన పేటెంట్లన్నిటినీ ఒక ఉమ్మడి సంఘంలో చేర్చి తయారీదారులందరూ వాడుకునే ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఈ విషయంలో మీరు నాతో విభేదించవచ్చు. 3వ క్లెయిమును కూడా ఇదే పద్ధతిలో గీతలు గీసి చదివాక విభేదించండి.

వచ్చే పాఠానికి మళ్లీ పొలంలోకి వెళ్దాం. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ దగ్గర డెల్టా భూములు మెత్తని పీట్ నేలలు (కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడినవి), బరువైన ఆవిరి యంత్రాల చక్రాలు వాటిలో దిగబడిపోయేవి. బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరులో ఒక ఆవిరి యంత్రానికి వెనుక చక్రాలు తీసేసి, చెక్క పలకలు బిగించిన గొలుసు పట్టాలు తొడిగి నడిపి చూశారు. ఆయన పేటెంటు నంబరు 874,008, తేదీ 1907 డిసెంబరు 17. దానికి ముందే, 1901 మే 21న, మెయిన్ రాష్ట్రానికి చెందిన ఆల్విన్ లాంబార్డ్‌కు మంచు మీద దుంగలు లాగే యంత్రానికి 674,737 నంబరు పేటెంటు ఉంది. అదీ గొలుసు పట్టాల మీదే నడుస్తుంది. రెండూ తెరవండి. పటాలను ఒక కాగితంతో కప్పేసి, క్లెయిములు మాత్రమే ముందు చదవండి. ప్రతిదానిలో హద్దురాళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి పక్కన అంకె వేసుకోండి. అన్నిటికంటే తక్కువ రాళ్లున్న క్లెయిము ఏదో గుర్తించి, దాన్ని సొంత తెలుగులో రాయండి. హోల్ట్ కోరింది గొలుసు పట్టా మొత్తం మీద హక్కా, దానిలోని ఒక అమరిక మీద హక్కా? జవాబు రాసుకున్నాకే పటం మీది కాగితం తీయండి.