టాక్సిన్ మీద నింద వేసే ముందు: జాంథోమోనాస్ ల్యాబులో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారం

నిమ్మ గజ్జి తెచ్చే జాంథోమోనాస్ సిట్రై అనే బ్యాక్టీరియా మీద, వరి ఆకు తెగుళ్ల జాంథోమోనాస్ ఒరైజే మీద పనిచేసే విద్యార్థులు టాక్సిన్-యాంటీటాక్సిన్ జన్యువుల జోలికి వెళ్లగానే దాదాపు ఒకే రకం తలనొప్పులు మొదలవుతాయి. క్లోన్ రాదు. నాకౌట్ (జన్యువు తీసేసిన రకం) రాదు. చచ్చాయనుకున్న కణాలు ప్లేటు మీద మళ్లీ మొలుస్తాయి. వీటిలో కొన్నిటికి మాత్రమే టాక్సిన్ కారణం. మిగతావాటికి మన పద్ధతిలో లోపమే కారణం.

ఈ జంట పనిచేసే తీరు సంక్షిప్తంగా ఇదీ. టాక్సిన్ తన సొంత కణాన్నే ఆపేస్తుంది. కొన్ని టాక్సిన్లు ఎంఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేస్తాయి, కొన్ని టీఆర్‌ఎన్‌ఏను కోస్తాయి, సీసీడీబీ లాంటివి డీఎన్‌ఏ మెలికలు సర్దే ఎంజైమైన డీఎన్‌ఏ గైరేజ్‌ను పట్టుకుని వదలవు. దాని పక్కనే ఉండే రెండో జన్యువు విరుగుడును (యాంటీటాక్సిన్‌ను) తయారుచేస్తుంది. టాక్సిన్ చాలాసేపు నిలుస్తుంది; విరుగుడును మాత్రం లాన్, క్లిప్ అనే ప్రోటియేజులు (ప్రోటీన్లను కోసే ఎంజైములు) త్వరగా నరికేస్తాయి. కాబట్టి కణం విరుగుడును ఎడతెగకుండా తయారు చేసుకుంటూనే ఉండాలి. 1983లో ఈ.కోలి ఎఫ్ ప్లాస్మిడ్ (క్రోమోజోముకు వేరుగా ఉండే డీఎన్‌ఏ వలయం) మీద ఓగురా, హిరాగా బయటపెట్టిన సీసీడీ జంట దగ్గర నుంచీ కథ ఇదే.

టాక్సిన్ జన్యువు క్లోన్ కావడం లేదు

ట్రాన్స్‌ఫర్మేషన్ ప్లేటు ఖాళీగా ఉంటుంది, లేదా నాలుగైదు కాలనీలు వస్తాయి. వచ్చిన వాటిని సీక్వెన్స్ చేస్తే ఒకదాంట్లో మధ్యలో స్టాప్ కోడాన్, ఇంకోదాంట్లో ఒక బేసు ఎగిరిపోయి ఉంటుంది. లైగేషన్ (డీఎన్‌ఏ ముక్కల అతుకు) చెడిందనుకుని మళ్లీ మొదలుపెట్టకండి. ప్రమోటరు (జన్యువును నడిపే స్విచ్చు) కొద్దిగా లీక్ అయినా టాక్సిన్ తయారవుతుంది, మంచి కాపీ ఉన్న కణం చస్తుంది, చెడిన కాపీ ఉన్నదే బతుకుతుంది. అరబినోజ్ ప్రమోటరు వెక్టరు (జన్యువును మోసే ప్లాస్మిడ్) వాడి, ప్లేటులోనూ కల్చరులోనూ గ్లూకోజ్ వేసి దాన్ని అణచి ఉంచండి. అదీ చాలకపోతే, విరుగుడు జన్యువున్న వేరే ప్లాస్మిడ్‌ను ముందే ఈ.కోలిలో పెట్టి, ఆ తర్వాత టాక్సిన్‌ను దించండి. వచ్చిన ప్రతి క్లోన్‌నూ ప్రమోటరుతో సహా సీక్వెన్స్ చేయాలి. జన్యువు బాగానే ఉండి ప్రమోటరే చెడిన క్లోన్లు కూడా వస్తుంటాయి.

గేట్‌వే వెక్టర్లు వాడేవాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. మన జన్యువు వచ్చి చేరేదాకా డెస్టినేషన్ వెక్టరులో ఉండేది సీసీడీబీ టాక్సినే కాబట్టి ఆ ఖాళీ వెక్టరు డీహెచ్5ఆల్ఫా అనే మామూలు ఈ.కోలి రకంలో పెరగదు. దానికి గైరేజ్‌లో తగిన మార్పు ఉన్న డీబీ3.1 లాంటి రకం కావాలి. దీనికి సరిగ్గా తిరగబడ్డ తప్పు మరొకటి: రియాక్షన్ అయ్యాక ఎఫ్ ప్లాస్మిడ్ ఉన్న రకంలో వేయడం. అందులో విరుగుడు ముందే ఉంటుంది కనుక ఖాళీ వెక్టరు ఉన్న కణాలూ హాయిగా పెరిగి ప్లేటు నింపేస్తాయి.

యాంటీటాక్సిన్ నాకౌట్ రాదు, ప్లాస్మిడ్ వదలదు

రెండింటికీ మూలం ఒకటే. సుక్రోజ్ సెలక్షన్ (చక్కెర వేసి, నాకౌట్ ప్లాస్మిడ్ వదలని కణాలను చంపే ఏరివేత) తర్వాత ఎన్ని కాలనీలు చూసినా అన్నీ పాత రకమే అయితే, విరుగుడు తీసేసిన కణాలు బతకడం లేదన్నమాట. జంటను మొత్తంగా తీసేయండి, చాలాసార్లు సులువుగా వచ్చేస్తుంది. విరుగుడు ఒక్కటే తీయక తప్పదంటే, ముందు వేరే చోట దాని రెండో కాపీ పెట్టి ప్రయత్నించండి. కాపీ ఉన్నప్పుడే నాకౌట్ వచ్చి, లేనప్పుడు రాకపోతే అదే మీ ఫలితం. థీసిస్‌లో రాసుకోవచ్చు.

ప్లాస్మిడ్ విషయంలోనూ ఇంతే. ప్లాస్మిడ్ పోయిన కణంలో కొత్త విరుగుడు రాదు, పాత టాక్సిన్ మిగిలే ఉంటుంది, దాంతో ఆ కణం ఆగిపోతుంది. విరుగుడును ఇంకో ప్లాస్మిడ్ మీద ఇచ్చి అప్పుడు వదిలించాలి. ఒక హెచ్చరిక: సిట్రై 306 రకంలో రెండు ప్లాస్మిడ్లున్నాయి. గజ్జి పుండుకు కీలకమైన పీటీహెచ్‌ఏ4 జన్యువు వాటిలో పెద్దదాని మీద ఉంది. అది పోయాక ఆకు మీద పుండు రాకపోతే, టాక్సిన్ జంట పోవడం వల్లే తెగులు రాలేదని రాయకండి.

జీనోమ్‌లో టాక్సిన్ ఉంది, విరుగుడు కనిపించదు

విరుగుళ్లు చాలా చిన్నవి, ఎన్నో సందర్భాల్లో వంద అమైనో ఆమ్లాలైనా ఉండవు. అనోటేషన్ (జన్యువుల్ని గుర్తించే) ప్రోగ్రాములు వాటిని దాటేస్తాయి. టాక్సిన్‌కు రెండు వైపులా చిన్న ఓఆర్‌ఎఫ్‌లను (ప్రోటీన్‌కు కోడ్ కాగల వరసలను) మీరే వెతకండి. హిగ్‌బీఏ, ఎంక్యూఎస్‌ఆర్‌ఏ జంటల్లో వరస తిరగబడి టాక్సినే ముందు వస్తుంది. టైప్ 1 జంట అయితే విరుగుడు ప్రోటీన్ కాదు, చిన్న ఆర్‌ఎన్‌ఏ. ఓఆర్‌ఎఫ్ కోసం ఎంత వెతికినా దొరకదు.

స్ట్రెప్టోమైసిన్ వేసినా కొన్ని కణాలు బతికాయి

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. బతికిన కణాలు కనబడగానే పెర్సిస్టర్లు (నిరోధకత లేకుండా, నిద్రలో ఉండి బతికిపోయే కణాలు) అనేస్తారు, ఆ వెంటనే టాక్సిన్ అంటారు. మధ్యలో తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట అది నిరోధకత కాదని తేల్చండి. బతికిన కాలనీని మందు లేని మీడియంలో పెంచి, ఎంఐసీ (ఎదుగుదలను ఆపే కనీస మందు మోతాదు) చూసి, మళ్లీ అదే మందు వేయండి. ఎంఐసీ పెరిగితే అది నిరోధక రకం. ఆర్‌పీఎస్ఎల్ జన్యువులో మార్పు, లేదా ఎస్‌టీఆర్‌ఏ, ఎస్‌టీఆర్‌బీ జన్యువులు ఉన్నాయేమో పీసీఆర్ చేయండి. ఎంఐసీ పాతదే ఉండి, రెండోసారి కూడా మొదటిసారి లాగే ఎక్కువ భాగం చచ్చి కొద్ది భాగం మిగిలితే పెర్సిస్టర్ల మాట ఎత్తవచ్చు. దానికి ఒకే ఒక్క టైం పాయింట్ సరిపోదు. మొదట వేగంగా పడిపోయి తర్వాత చదునయ్యే రెండు దశల గీత కనబడాలంటే కనీసం ఐదారు సార్లు శాంపిల్ తీయాలి.

తర్వాత కల్చరు వయసు. రాత్రంతా పెంచిన కల్చరులో నిద్రపోతున్న కణాలు ఎటూ ఎక్కువే. దాన్ని ఒక్కసారి పలచన చేసి వాడితే మీరు లెక్కపెట్టేది నిన్నటి పాత కణాలనే. రెండుసార్లు పలచన చేసి, వేగంగా ఎదిగే తొలి లాగ్ (log) దశలో మొదలుపెట్టండి. మీడియం పీహెచ్ కూడా చూడండి, ఆమ్లం పెరిగితే స్ట్రెప్టోమైసిన్ బలం తగ్గుతుంది. ఇక ఈ బ్యాక్టీరియా స్రవించే జాంథాన్ జిగురు. ఐస్‌క్రీమ్ కంపెనీలకు ఇష్టమైన ఈ పదార్థం మనకు మాత్రం టెన్షనే. కణాలు గుంపులుగా అంటుకుని లెక్క తప్పుతుంది, కడిగినా మందు పూర్తిగా పోక ప్లేటు మీదికి వస్తుంది. సెలైన్‌తో కనీసం రెండుసార్లు కడిగి, వోర్టెక్స్ చేశాకే పలచన చేయండి. ప్లేట్లను మూడో రోజే పారేయకండి. నిద్ర లేచే కణాల కాలనీలు ఆలస్యంగా వస్తాయి, వారం తర్వాత మళ్లీ లెక్కపెట్టండి.

ఇవన్నీ దాటాకే టాక్సిన్ వంతు. ఆ జంటను తీసేస్తే పెర్సిస్టర్లు తగ్గాలి, తిరిగి పెడితే పెరగాలి. టాక్సిన్‌ను బలవంతంగా ఎక్కువ చేసి పెర్సిస్టర్లు పెరిగాయని చూపడం నా దృష్టిలో బలహీనమైన సాక్ష్యం. ఎదుగుదలను ఆపేది ఏది పెట్టినా కణాలు నిద్రలోకి పోతాయి. బ్రెజిల్ బత్తాయి తోటల్ని పీడించిన జైలెల్లా అనే బ్యాక్టీరియాలో ఎంక్యూఎస్‌ఆర్ టాక్సిన్‌ను పెంచితే, రాగి ఒత్తిడిలో పెర్సిస్టర్లు ఎక్కువయ్యాయి. ముఖ్యమైన పనే, కానీ ప్రకృతిలో కూడా అదే జరుగుతుందనడానికి అదొక్కటే చాలదు. ఈ.కోలిలో పది జంటలు తీసేస్తే పెర్సిస్టర్లు తగ్గాయన్న 2011 నాటి పేపరును 2018లో వెనక్కి తీసుకున్నారు, రకాల్లో ఫై80 ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) కలిసిపోయిందని తేలింది. మీ నాకౌట్లో కూడా ఫేజ్ లేదని ఒకసారి చూసుకోండి. ఒక జంట తీస్తే ఏ తేడా లేకపోయినా కంగారు వద్దు. ఒకే కణంలో ఇలాంటి జంటలు చాలా ఉంటాయి.

క్యూపీసీఆర్‌లో (ఎంఆర్‌ఎన్‌ఏ కొలతలో) జన్యువు పెరిగింది, కణం మాత్రం ఆగలేదు

విరుగుడు ప్రోటీనే అయిన టైప్ 2 జంటల్లో విరుగుడే తమ ప్రమోటరును అణచిపెడుతుంది. విరుగుడు నరికివేతకు గురైతే ప్రమోటరు తెరుచుకుని ఎంఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది, దానితో కొత్త విరుగుడు కూడా వస్తుంది. టాక్సిన్ విడుదలైందని అది చెప్పదు. ఒత్తిడిలో ఈ జన్యువులు పెరిగినా టాక్సిన్ పని మొదలుకాకపోవచ్చని 2020లో ఈ.కోలి మీద చూపించారు. ఆర్‌ఎన్‌ఏ కోత జరిగిందో లేదో, ప్రోటీన్ తయారీ పడిపోయిందో లేదో నేరుగా కొలవండి.

రాగి వేశాక ప్లేటు మీద ఒక్క కాలనీ లేదు, ఆకు మీద మాత్రం తెగులు వచ్చింది

కణాలు బతికే ఉన్నాయి, మీ మీడియం మీద పెరగడం లేదంతే. రాగి వల్ల సిట్రై ఇలా కల్చరుకు లొంగని స్థితిలోకి పోతుందని 2009లోనే చూపించారు. ఎర్వీనియా అమైలోవోరా అనే మరో బ్యాక్టీరియాలో రాగిని పట్టి ఉంచే సిట్రిక్ ఆమ్లం, ఈడీటీఏ లాంటివి ఇస్తే కణాలు మళ్లీ పెరిగాయి. మీరూ వాటితో కడిగి చూడండి, పక్కన లైవ్-డెడ్ స్టెయిన్ (బతికిన, చచ్చిన కణాలను వేరుగా చూపే రంగు) వేయండి. తిరగబడ్డ చిక్కు కూడా ఉంది: ఎంత రాగి వేసినా చావవు. న్యూట్రియంట్ అగార్‌లోని పెప్టోన్ రాగిని పట్టేసుకుంటుంది. ఎంజీవై లాంటి పలచని మీడియం వాడండి.

టాక్సిన్ తీసేస్తే మొక్క ప్రతిస్పందనే మారింది

ఈ చిక్కు నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపిస్తుంది. వరిలో ఆకు చారల తెగులు తెచ్చే ఒరైజికోలాలో ఏవీఆర్ఆర్‌ఎక్స్‌ఓ1 అనే ప్రోటీన్ ఉంది. ఆకారంలో జీటా టాక్సిన్లను పోలి ఉంటుంది, పక్కనే ఏఆర్‌సీ1 అనే విరుగుడు ఉంటుంది. కానీ ఇది టైప్ 3 స్రావ మార్గం గుండా మొక్క కణంలోకి దూరే ఎఫెక్టర్ (మొక్క మీద పనిచేసే ప్రోటీన్) కూడా. ఎన్ఏడీ అనే కణ అణువుకు ఫాస్ఫేటును తగిలిస్తుంది. మొక్కజొన్నలోని ఆర్‌ఎక్స్‌ఓ1 జన్యువు దీన్ని గుర్తుపట్టి ఆ చోటు కణాల్ని చంపుకుని తెగులును ఆపుతుంది. అంటే ఒకే టాక్సిన్ బ్యాక్టీరియాలో ఒక పాత్ర, ఆకులో ఇంకో పాత్ర. మీ నాకౌట్లో మొక్క వైపు తేడా కనబడితే, ఆ తేడా టైప్ 3 స్రావం లేని రకంలోనూ వస్తుందా చూడండి. రాకపోతే అది ఎఫెక్టర్ పని అని అనుమానించాలి.

తోటలో మందు కొట్టినా గజ్జి మళ్లీ వస్తోంది

గూడూరు, తెనాలి వైపు నిమ్మ రైతులు మిమ్మల్ని అడిగేది దీని గురించే. ఇక్కడ పెర్సిస్టర్ల గురించి ఉపన్యాసం ఇవ్వకండి. రాగి మందు ఆకు పైన కాపలా కాసేదే గానీ పుండు లోపలికి వెళ్లేది కాదు. కొత్త చిగురు విప్పారక ముందు, వానల ముందు పడితేనే ఉపయోగం. గజ్జి పట్టిన కొమ్మలు కత్తిరించి కాల్చారా, ఆకు తొలిచే పురుగును అదుపు చేశారా అని అడగండి. ఆ పురుగు చేసే గాయాల్లోంచే బ్యాక్టీరియా తేలిగ్గా దూరుతుంది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన మందులను వ్యవసాయంలో నిషేధించేందుకు కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి, వ్యవసాయ అధికారిని అడగకుండా వాటిని సిఫార్సు చేయవద్దు. ఇవన్నీ సక్రమంగా చేసినా గజ్జి ఆగకపోతే నాలుగు చెట్ల నుంచి పుండ్లున్న లేత ఆకులు తెచ్చి, బ్యాక్టీరియాను వేరుచేసి, ఎంజీవై మీడియంలో రాగి తట్టుకునే శక్తిని, రాగి నిరోధకతనిచ్చే కాప్ జన్యువులను ముందు చూడండి.