పన్నెండు పిల్లలూ పుంజులేనా?

పాలకొల్లు నుంచి మా మావయ్య పన్నెండు కోడిపిల్లల ఈకలు కవర్లలో పెట్టి పంపాడు. ఏది పుంజో, ఏది పెట్టో ముందే తెలిస్తే వేరువేరుగా పెంచుకుంటానన్నాడు. భీమవరంలో నేను పనిచేసే ల్యాబ్‌లో ఈకల మొదళ్ల నుంచి డీఎన్‌ఏ తీసి, పక్షుల్లో ఆడా మగా తేల్చడానికి వాడే సీహెచ్‌డీ1 అనే జన్యువుకు పీసీఆర్ (జన్యువులో ఒక ముక్కను ఎన్నో కాపీలు చేసే పద్ధతి) చేశాను.

పక్షుల్లో లెక్క మనుషులకు రివర్సు. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. ఈ జన్యువు రెండిటి మీదా ఉంటుంది, కానీ కాపీ అయ్యే ముక్కల పొడవు మామూలుగా వేరు. అంటే డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద పుంజుకు ఒక గీత, పెట్టకు రెండు గీతలు రావాలి. నాకు పన్నెండింటికీ ఒక్కటే గీత! చాలా టెన్షన్ పడ్డాను. అలాగే చెప్పేస్తే ఆయన నమ్మేస్తాడు కూడా.

ఆ సాయంత్రం మా పెరట్లో గుడ్లు పెడుతున్న పెట్ట ఈక తెచ్చి పరీక్షించాను. దానికీ ఒక్కటే గీత. అప్పుడర్థమైంది, తేడా నా పద్ధతిలోనే ఉంది. నేను వాడిన పీ2, పీ8 ప్రైమర్లు (ఏ ముక్కను కాపీ చేయాలో చూపే చిన్న డీఎన్‌ఏ తునకలు) చాలా పక్షులకు బాగా పనికొస్తాయి గానీ, కోడిలో రెండు ముక్కల పొడవూ దాదాపు సమానం. మామూలు అగరోజ్ జెల్ మీద కలిసిపోతాయి.

2550ఎఫ్, 2718ఆర్ ప్రైమర్లు తెప్పించాను. వీటితో కోడిలో జెడ్ ముక్క సుమారు 600 బేస్ జతలు (డీఎన్‌ఏ పొడవుకు కొలత), డబ్ల్యూ ముక్క 450. యూవీ వెలుగులో మా పెట్ట వరుసలో రెండో గీత కిందగా, నారింజ రంగులో విడిగా మెరిసింది. ఎంత హాయిగా అనిపించిందో!

పిల్లల్లో ఏడు పెట్టలు, ఐదు పుంజులు. ఇప్పుడు పరీక్ష సరిగా జరిగిందో లేదో తెలియడానికి ప్రతి జెల్‌లోనూ తెలిసిన పుంజు, తెలిసిన పెట్ట, డీఎన్‌ఏ వేయని ట్యూబు ఒక్కొక్కటి పెడుతున్నాను.